సి డ్రైవుకూ డి డ్రైవుకూ నడుమ గీసిన గీత

మొన్న సంక్రాంతికి ఊరు వెళ్ళినప్పుడు మా పెదనాన్నగారి అబ్బాయి, తాను కొత్తగా కొన్న కంప్యూటరు చూపించి ఒక ప్రశ్న వేశాడు. అందులో రెండు డ్రైవులున్నాయి. ఒకటి 256 గిగాబైట్ల ఎస్ఎస్‌డీ, రెండవది ఒక టెరాబైటు హార్డు డిస్కు. "ప్రోగ్రాములు దేంట్లో వేసుకోవాలి, నాన్నగారి కాగితాలూ ఫొటోలూ దేంట్లో పెట్టాలి, తమ్ముడూ?" అన్నాడు.

జవాబు ఒక్క వాక్యంలో చెప్పవచ్చు, చెప్పాను కూడా. కానీ ఆ ప్రశ్న నన్ను తిరుగు ప్రయాణంలో వదల్లేదు. దానికి యాభై ఏళ్ళకు పైబడిన చరిత్ర ఉంది. ఆ యాభై ఏళ్ళలో జవాబు చాలాసార్లు మారింది. విచిత్రమేమంటే, చివరికి బయలుదేరిన చోటికే వచ్చి నిలిచింది.

1974 జులైలో డెన్నిస్ రిచీ, కెన్ థాంప్సన్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు తాము అమెరికాలోని బెల్ ప్రయోగశాలల్లో నిర్మించిన యూనిక్స్ వ్యవస్థను గురించి ఒక వ్యాసం ప్రకటించారు. కంప్యూటర్ల చరిత్రలో అంత ప్రసిద్ధి పొందిన వ్యాసాలు కొద్ది. అందులో తమ యంత్రం వివరాలు చెబుతారు. అది పీడీపీ-11/45, దాని జ్ఞాపకశక్తి 144 కిలోబైట్లు. దానికి ఒక మెగాబైటు పట్టే స్థిరశిరపు డిస్కు ఒకటి, ఒక్కొక్కటి రెండున్నర మెగాబైట్లు పట్టే డిస్కులు నాలుగు, 40 మెగాబైట్ల పెద్ద డిస్కు ఒకటి ఉండేవి. స్థిరశిరపు డిస్కు అంటే ప్రతి వలయానికీ విడిగా ఒక చదివే ముల్లు ఉన్నది. మామూలు డిస్కులో ఒకే ముల్లు లోపలికీ బయటికీ జరుగుతూ కావలసిన వలయాన్ని వెతుక్కోవాలి. స్థిరశిరపు దానిలో ఆ వెతుకులాట లేదు కనుక వేగం ఎక్కువ. ముళ్ళు అన్ని కావాలి కనుక వెల కూడా ఎక్కువ, అందువల్ల పరిమాణం తక్కువ.

మరి ఏది ఎక్కడ పెట్టారు? వ్యవస్థ తాలూకు మూల సంచయం ఆ చిన్న వేగవంతమైన డిస్కు మీద. వాడుకరుల దస్త్రాలు పెద్ద డిస్కు మీద. యంత్రం లేవగానే పెద్ద డిస్కును తెచ్చి మూల సంచయానికి ఒక కొమ్మలాగా అంటించేవారు. మా అన్నయ్యకు నేను చెప్పిన జవాబు అక్షరాలా ఇదే. చిన్నదీ వేగమైనదీ ప్రోగ్రాములకు, పెద్దదీ నెమ్మదైనదీ సొంత దస్త్రాలకు.

అయితే ఆ గీత గీసినవారే దాన్ని చెరిపేసిన వైనం కూడా చెప్పుకోవాలి. యూనిక్స్‌లో వాడుకరుల దస్త్రాలుండే కొమ్మ పేరు యూఎస్ఆర్, 'యూజర్' అనే మాటకు కురచ రూపం. రిచీ కాగితాలు యూఎస్ఆర్ కింద డీఎంఆర్ అనే సంచయంలోనూ, థాంప్సన్ కాగితాలు కెన్ అనే సంచయంలోనూ ఉండేవి. ప్రోగ్రాములు 'బిన్' అనే సంచయంలో, చిన్న డిస్కు మీద. ఆ ప్రోగ్రాములు పెరిగాయి. చిన్న డిస్కు పట్టలేదు. మిగిలినవాటిని ఎక్కడ పెట్టాలి? ఖాళీ ఉన్నది వాడుకరుల డిస్కులోనే గదా. అక్కడే మరొక 'బిన్' తెరిచారు. 1979 నాటి ఏడవ కూర్పు కరదీపికలో ఈ రెండవ బిన్ ఎందుకయ్యా అంటే, మొదటిదాన్ని చిన్నదిగా ఉంచడానికే అని నిజాయితీగా రాసి ఉంటుంది. అద్దెకున్నవాళ్ళ వాటాలోకి ఇంటివారి సామాను ఒక్కొక్కటే చేరినట్లు, క్రమంగా యూఎస్ఆర్ అంతా ప్రోగ్రాములే అయ్యాయి. వాడుకరులు 'హోమ్' అనే కొత్త చోటికి తరలిపోయారు. 2012లో ఫెడోరా లినక్సు 17వ కూర్పులో మొదటి బిన్‌ను కూడా యూఎస్ఆర్‌లోనే కలిపేశారు. ఈనాడు లినక్సు వాడేవారిలో, తన పేరున్న ఇంట్లో తనకు చోటెందుకు లేదో ఆలోచించేవారు ఎందరుంటారు?

మనకు బాగా అలవాటైన ఎ, బి, సి అక్షరాలు మరొక వంశానికి చెందినవి. ఐబీఎంవారి పెద్ద యంత్రాల్లో నడిచిన సీఎంఎస్ వ్యవస్థలో డిస్కులకు అక్షరాలుండేవి. 1972లో వచ్చిన వీఎం/370లో ఎ అంటే వాడుకరి సొంత డిస్కు, ఎస్ అంటే వ్యవస్థ డిస్కు. గీత అక్కడా ఉంది. 1974లో గ్యారీ కిల్డాల్ చిన్న యంత్రాల కోసం సీపీ/ఎం రాసినప్పుడు డ్రైవులకు ఎ, బి అనే పేర్లు పెట్టాడు. కానీ అక్కడ అక్షరం ఏ ఫ్లాపీ డ్రైవో చెప్పేదే తప్ప, అందులో ఎవరి సొత్తు ఉందో చెప్పేది కాదు. 1981 ఆగస్టులో వచ్చిన ఐబీఎం పీసీ, దాని డాస్ ఈ పద్ధతినే స్వీకరించాయి.

ఆ మొదటి పీసీలో హార్డు డిస్కు లేదు. 160 కిలోబైట్లు పట్టే ఫ్లాపీలే దిక్కు. రెండు డ్రైవులున్నవారు అదృష్టవంతులు. ఎ డ్రైవులో ప్రోగ్రాము ఫ్లాపీ, బి డ్రైవులో సొంత రాతల ఫ్లాపీ. ఇది ఎవరూ శాసించిన నియమం కాదు. వర్డ్‌స్టార్ వంటి ప్రోగ్రాములు పూర్తిగా జ్ఞాపకంలోకి ఎక్కేవి కావు. కొన్ని భాగాలను పని మధ్యలో ఫ్లాపీ నుంచి తెచ్చుకునేవి. కనుక ప్రోగ్రాము ఫ్లాపీని తీసేయడానికి వీల్లేదు. ఒకే డ్రైవు ఉన్నవారికి డాస్ ఒక ఉపాయం చూపింది. ఆ ఒక్కదానినే ఒకసారి ఎ అనీ ఒకసారి బి అనీ పిలుస్తూ, ఫ్లాపీ మార్చమని అడిగేది. ఫ్లాపీలు మార్చి మార్చి చేతులు నొప్పెట్టిన ఆ తరానికి, తన రాత ఎక్కడుందో మాత్రం స్పష్టంగా తెలుసు. అది చేతిలోని ఫ్లాపీలో ఉంది. సాయంత్రం యంత్రం ఆపి, రాతల ఫ్లాపీ తీసుకుని ఇంటికి వెళ్ళవచ్చు. ప్రోగ్రాముకూ సొంత దస్త్రానికీ నడుమ ఇంత శుభ్రమైన గీత ఆ తరువాత మళ్ళీ ఎప్పుడూ లేదు.

1983 మార్చిలో పీసీ ఎక్స్‌టీ పది మెగాబైట్ల హార్డు డిస్కుతో వచ్చింది. ఎ, బి ఫ్లాపీలకు పోయాయి గనుక దీనికి సి దక్కింది. డాస్ రెండవ కూర్పు దానితోపాటే వచ్చి, యూనిక్స్‌ను చూసి నేర్చిన సంచయాలను ప్రవేశపెట్టింది. అంతకుముందు 160 కిలోబైట్ల ఫ్లాపీలో 64 దస్త్రాల పేర్లకు మించి పట్టేవి కావు. సంచయాల అవసరమే రాలేదు. ఇప్పుడు ప్రోగ్రాములూ రాతలూ ఒకే పెట్టెలో కలిసి కూర్చున్నాయి.

మళ్ళీ విడదీసింది మనిషి వివేకం కాదు, లెక్క. డాస్ ఒక డిస్కు భాగంలోని గళ్ళను 16 బిట్ల సంఖ్యతో లెక్కించేది. అంటే 65,536 గళ్ళు. గడికి 512 బైట్లు. గుణిస్తే 32 మెగాబైట్లు. డిస్కు నలభై మెగాబైట్లున్నా, అరవై ఉన్నా, ఒక భాగం ముప్ఫైరెండుకు మించడానికి వీల్లేదు. 1987లో వచ్చిన డాస్ 3.3 మిగతా చోటును డి, ఇ, ఎఫ్ అంటూ తార్కిక డ్రైవులుగా కోసుకోనిచ్చింది. డి డ్రైవు పుట్టుక ఇదీ. ఒకే పళ్ళేల దొంతరను రెండు డ్రైవులని పిలవడం అప్పటినుంచే మనకు అలవాటైంది. మరుసటి ఏడు డాస్ నాలుగవ కూర్పుతో ఆ 32 మెగాబైట్ల కట్టు తెగింది. కట్టు తెగినా అలవాటు తెగలేదు.

ఆ అలవాటుకు ఒక సాకు కూడా దొరికింది. 1990ల నాటి ఫ్యాట్16 పద్ధతిలో భాగం పెద్దదైనకొద్దీ చోటును పెద్ద పెద్ద ముక్కలుగా పంచవలసి వచ్చేది. రెండు గిగాబైట్ల భాగంలో ఒక్కొక్క ముక్క 32 కిలోబైట్లు. రెండు కిలోబైట్ల ఉత్తరం రాసి దాచినా ముప్ఫైరెండూ పోయేవి. అలాంటి ఉత్తరాలు వెయ్యి ఉంటే ముప్ఫైకి పైగా మెగాబైట్లు పోతాయి. అదే ఐదువందల మెగాబైట్ల భాగంలో ముక్క ఎనిమిది కిలోబైట్లే. కనుక చిన్న చిన్న భాగాలు చేసుకుని, చిన్న దస్త్రాలను వాటిలో పెట్టుకోవడం నిజంగానే పొదుపు. 1996లో వచ్చిన ఫ్యాట్32 ఆ అవసరాన్నీ తీసేసింది.

ఇంకొక చిక్కు చెబుతాను, ఆనాడు పడినవారికి గుర్తుంటుంది. డాస్‌లో అక్షరాలు డిస్కుకు శాశ్వతంగా అంటుకుని ఉండేవి కావు. లేచిన ప్రతిసారీ పంచేది. మొదట ప్రతి డిస్కులోని ప్రధాన భాగానికీ ఒక అక్షరం, ఆ తరువాతే తార్కిక భాగాలకు. మీ డిస్కులో సి, డి ఉన్నాయనుకోండి. పక్కన రెండవ డిస్కు బిగించగానే డి అనే పేరు దాని ప్రధాన భాగానికి పోయేది. మీ పాత డి కాస్తా ఇ అయ్యేది. నిన్నటిదాకా డిలో ఉన్న ప్రోగ్రాములన్నీ తమ ఇల్లు కనపడక నిలిచిపోయేవి. పోస్టుమాను రోజుకొక కొత్త ఇంటి నెంబరు రాసిపోయినట్లుండేది వ్యవహారం.

ఇక మన సంగతి. 1990ల చివరా 2000ల తొలి సంవత్సరాల్లోనూ తెలుగునాట ఇళ్ళలోకి వచ్చిన కంప్యూటర్లలో చాలా భాగం విడిభాగాలు కొని బిగించినవి. సికింద్రాబాదులో చెనాయ్ ట్రేడ్ సెంటరు అంతస్తులెక్కి దిగని కంప్యూటరు ప్రియులు ఆ రోజుల్లో హైదరాబాదులో తక్కువ. యంత్రం బిగించే కుర్రవాడు మనల్ని అడగకుండానే నలభై గిగాబైట్ల డిస్కును నాలుగు సమాన భాగాలు కోసేవాడు. సిలో విండోస్, డిలో సొంత కాగితాలు, ఇలో పాటలు, ఎఫ్‌లో సినిమాలు. అది దాదాపు ఒక గృహ్యసూత్రం.

దాని వెనక ఉన్నది 'ఫార్మాటు' భయం. వైరసు వచ్చినా, యంత్రం నెమ్మదించినా, తెర నీలమైనా, పిలిచిన మనిషి చెప్పే మందు ఒక్కటే: సి ఫార్మాటు చేసి విండోస్ మళ్ళీ ఎక్కించాలి. ఏడాదికి ఒకటి రెండుసార్లు ఈ క్రతువు జరిగే ఇళ్ళుండేవి. అప్పుడు సి పోతుంది, డి నిలుస్తుంది. తిండిగింజలూ విత్తనపు గింజలూ వేరు కుండల్లో పోసే రైతు బుద్ధి ఇది. తినేది అయిపోతే మళ్ళీ సంపాదించుకోవచ్చు. విత్తనం పోతే లేదు. విండోస్ సీడీ ఎక్కడైనా దొరుకుతుంది. మన రాత మరెక్కడా దొరకదు. ఈ మేరకు ఆ కుర్రవాళ్ళ లెక్క సరైనదే.

కానీ గీత వాళ్ళు అనుకున్నంత తిన్ననిది కాదు. కొందరు తెలివిగా ప్రోగ్రాములను కూడా డిలో ఎక్కించేవారు, ఫార్మాటు చేసినా మిగులుతాయని. మిగిలేవి, కానీ నడిచేవి కావు. ఆ ప్రోగ్రాముల చిట్టా అంతా సిలోని రిజిస్ట్రీలో, అవి ఆధారపడిన ఉమ్మడి భాగాలు సిలోని విండోస్ సంచయంలో ఉండేవి. అవి పోయాక డిలో మిగిలింది కళేబరమే. మరోవైపు, సొంతవని మనం అనుకోని సొంతవి ఎన్నో సిలో ఉండేవి. డెస్క్‌టాప్ మీద పెట్టిన ప్రతి దస్త్రమూ నిజానికి సిలోనే ఉంది. 'మై డాక్యుమెంట్స్' సిలోనే ఉంది. దాన్ని డికి తరలించే వీలు విండోస్‌లోనే ఉన్నా ఆ సంగతి తెలిసినవారు కొద్ది. అవుట్‌లుక్ ఎక్స్‌ప్రెస్‌లోని ఉత్తరాలన్నీ సిలో ఎక్కడో లోతున దాచిన సంచయంలో ఉండేవి. ఫార్మాటు అయ్యాక గాని అవి సొంతవని తెలిసేది కాదు.

తెలుగువారికి మాత్రమే కాకపోయినా, మనకు ప్రత్యేకంగా తగిలిన దెబ్బ ఇంకొకటుంది. యూనికోడు ప్రమాణంలో తెలుగుకు 1991 నుంచే చోటుంది. విండోస్ ఎక్స్‌పీ 2001లో గౌతమి అనే ఖతితో తెలుగును చూపగలిగింది. కానీ అప్పటికి మన రాతలన్నీ పాత పద్ధతి ఖతుల్లో సాగుతున్నాయి. ఆ ఖతుల్లో 'క' అనేది నిజానికి 'క' కాదు. ఏదో ఒక ఆంగ్ల అక్షరమో గుర్తో ఉండవలసిన గడిలో 'క' బొమ్మ గీసి పెట్టేవారు. ఏ గడిలో ఏ బొమ్మ అన్నది ఒక్కొక్క ఖతి తయారీదారుకు ఒక్కొక్క తీరు. అంటే దస్త్రంలో ఉన్నది తెలుగు కాదు. దానికి తెలుగు ముఖం తొడిగేది ఖతి. ఆ ఖతి ఉండేది ఎక్కడ? సి డ్రైవులో, విండోస్ కింద, ఫాంట్స్ సంచయంలో. రాత డిలో ఉంటే దాని లిపి సిలో ఉండేదన్నమాట.

2003లో మా పెదనాన్నగారు తమ ఊరి చెరువు, ఆయకట్టు తగాదాలు, అక్కడి కుటుంబాల వలసల గురించి నోటుపుస్తకాల్లో రాసుకున్నదంతా నేను టైపు చేశాను. రెండు వందల పుటలకు పైగా వచ్చింది. డిలో పెట్టాను, పద్ధతి ప్రకారం. మరుసటి ఏడు సి ఫార్మాటు అయింది. డి చెక్కుచెదరలేదు. దస్త్రం తెరిస్తే మాత్రం పుటల నిండా ఆంగ్ల అక్షరాలూ డాలరు గుర్తులూ చుక్కలూ. పెదనాన్నగారు పక్కనే కూర్చుని ఉన్నారు. "ఇదేం భాషరా?" అన్నారు. ఖతి ఉన్న ఫ్లాపీ చెడిపోయింది. మూడు వారాలు తిరిగి ఒక డీటీపీ దుకాణంలో అదే పేరున్న ఖతి సంపాదించాను. పేరు అదే, కూర్పు వేరు. అక్షరాలు వచ్చాయి గాని కొన్ని ఒత్తులు మారిపోయాయి. అవి దిద్దుతూ అరవై ఒక్క పుటలు అచ్చు తీసి ఆయనకిచ్చాను. మిగతావి తీరికగా దిద్దుదామనుకున్నాం. సీడీ మీదికి ఎక్కిద్దామని కూడా అనుకుంటూనే ఉన్నాను.

2009లో ఆ డిస్కు టిక్ టిక్ మంటూ రెండు రోజులు మొరాయించి ఆగిపోయింది. సి పోయింది, డి పోయింది, ఇ, ఎఫ్ కూడా పోయాయి. నాలుగూ ఒకే పళ్ళేల మీద ఉన్నాయన్న సంగతి నాకు తెలియనిది కాదు. తెలిసినా, ఇన్నేళ్ళుగా డి అనే అక్షరాన్ని చూసి చూసి అదొక వేరే పెట్టె అన్నట్లు మనసు స్థిరపడిపోయింది. విత్తనాలకు వేరే కుండ పెట్టాను గాని, రెండు కుండలూ పెట్టింది ఒకే పూరింట్లో. పెదనాన్నగారి నోటుపుస్తకాలు టైపు అయిపోయాయని అప్పటికే ఎవరో పాతకాగితాలవాడికి వేసేశారు. ఈ విషయంలో నిందించడానికి నాకు నేను తప్ప ఎవరూ కనిపించరు.

ఆ గీత వేగం మాటకొచ్చినా పెద్దగా ఉపకరించిందని చెప్పలేను. డిస్కు పళ్ళేనికి వెలుపలి అంచున ఎక్కువ సమాచారం పడుతుంది. సాధారణంగా మొదటి భాగం అక్కడే మొదలవుతుంది. కనుక సికి కొంత వేగం దక్కిన మాట నిజం. కానీ ప్రోగ్రాము సిలోనూ దస్త్రం డిలోనూ ఉంటే ముల్లు ఆ అంచు నుంచి ఈ అంచుకు పరుగులు పెట్టాలి. నిమిషానికి 7,200 చుట్లు తిరిగే డిస్కులో ఒక చుట్టుకు ఎనిమిది మిల్లీసెకన్లకు పైగా పడుతుంది. ముల్లు జరగడానికి ఇంచుమించు మరో అంత. సెకనుకు వంద చోట్ల వెతకడం కూడా దానికి కష్టమే.

ఎస్ఎస్‌డీలో ముల్లూ లేదు, తిరిగే పళ్ళెమూ లేదు. ఎక్కడున్నది కావాలన్నా మిల్లీసెకనులో పదో వంతు చాలు. 2008లో ఇంటెల్ ఎక్స్25-ఎం వంటివి వచ్చినప్పుడు 80 గిగాబైట్ల డ్రైవుకు పెద్ద మొత్తమే పెట్టవలసి వచ్చేది. చిన్నది, వేగమైనది, ఖరీదైనది. బెల్ ప్రయోగశాలల్లోని స్థిరశిరపు డిస్కు వర్ణన కూడా ఇదే గదా! కనుక రిచీ, థాంప్సన్‌ల జవాబే మళ్ళీ తిరిగి వచ్చింది. విండోస్ లేవడానికీ ప్రోగ్రాము తెరుచుకోవడానికీ వేలకొద్దీ చిన్న దస్త్రాలను అక్కడక్కడ వెతకాలి; అక్కడ ఎస్ఎస్‌డీ అక్కరకొస్తుంది. ఫొటోలూ పాటలూ వరుసగా చదివేవి. వాటికి హార్డు డిస్కు చాలు. తేడా ఏమంటే, ఈసారి సి, డి నిజంగానే రెండు వేరు వేరు వస్తువులు. ఒకటి పోతే రెండవది మిగులుతుంది. ఆ లెక్కన డి అనే అక్షరం తన పేరు నిలబెట్టుకున్నది ఇప్పుడే.

అయినా రెండూ ఒకే డబ్బాలో, ఒకే కరెంటు తీగకు వేలాడుతున్నాయి. మా అన్నయ్యకు ఆ మాట కూడా చెప్పాను. పెద్ద డిస్కులో పెట్టినవాటికి బయట ఇంకొక డిస్కు మీద నకలు ఉండాలని, అది ఆ ఇంట్లో కాకుండా చెల్లెలి ఇంట్లో ఉంటే మరీ మంచిదని. ఇంకా, ఏది రాసినా యూనికోడులోనే రాయమని. 

"సరే, మొదట ఏం ఎక్కించమంటావు?" అన్నాడు. బీరువాలోంచి ఆ అరవై ఒక్క పుటలు తీసుకురమ్మన్నాను. పదిహేడో పుట లేదు. మిగిలిన అరవై స్కాను చేసేసరికి రాత్రి పదకొండయింది.